ఎనిమిదో వంతు

గడియారాలు గంట వెనక్కి తిప్పిన మర్నాడు
జూరా దీవిలో నాలుగున్నరకే
కొండ తన రంగును తనే తాగేస్తుంది.
పంచని ఉత్తరాలు రెండు వ్యానులోనే వదిలేసి
కెమెరా మెడలో వేసుకున్నాను.

లాక్లన్ దారక్ ముందు నడుస్తున్నాడు,
కర్రతో నేలను పలకరిస్తూ.
నలభై ఏళ్లు ఈ వాలు మీదే తుపాకి మోసిన భుజం
ఇప్పుడు ఏమీ మోయకపోయినా
ఎడమకు ఒరిగే ఉంటుంది.

వేలు తడిపి గాలికి చూపించాడు.
సముద్రం మీంచి మొహాలకు కొడుతోంది. మంచిదే,
మా వాసన మా వెనక్కే పోతుంది.
ఇక మోచేతుల మీద పాకడం.
డెబ్భై ఒకటేళ్ల మనిషి చప్పుడు లేకుండా నీళ్లలా జారిపోతున్నాడు,
నా కోటు మాత్రం చిప్స్ పొట్లంలా కరకరలాడుతోంది.

అప్పుడు అరిచింది దుప్పి.
తడిదుంగలో ఇరుక్కున్న రంపం లాంటి అరుపు.
ముందు ఆవిరి కనబడింది,
తర్వాత నోరు,
ఎంతో సేపటికి కొమ్ములు.
దాని చుట్టూ లేళ్లు. తొమ్మిదో, పదో,
లెక్కపెట్టేలోగా ఒకటి కొండలో కలిసిపోతుంది.

ఐఎస్ఓ పన్నెండు వేల ఎనిమిది వందలు.
ఇంకా పెంచితే బొమ్మంతా ఇసుకే.
లెన్సు తెరుచుకోగలిగినంతా తెరిచేశాను.
షట్టరు, సెకనులో ఎనిమిదో వంతు.
వినడానికి చిన్నదే.
అంతలోనే లేడి చెవి రెండు దిక్కులు విని వస్తుంది,
నా చెయ్యి ఒకసారి వణికి
ఏమీ ఎరగనట్టు సర్దుకుంటుంది.
ఫోకస్ ముందుకూ వెనక్కూ తడుముకుంటోంది
కళ్లజోడు ఎక్కడో పెట్టి మరిచిన మనిషిలా.
ఫ్లాష్ ఇంట్లోనే ఉంది.
వెలుతురుతో కొట్టినా దెబ్బ దెబ్బే అంటాడు లాక్లన్.

"మేసేటప్పుడు వద్దు.
నిన్ను చూసేటప్పుడూ వద్దు.
వినడానికని ఆగుతుంది చూడు, అప్పుడు నొక్కు."

"నువ్వూ అప్పుడే కాల్చేవాడివా?"

నాచులో వేళ్లు దింపి నీళ్లు పిండుతూ కూర్చున్నాడు.
చాలాసేపటికి,
"గురి చూడటం చిన్నప్పుడే వచ్చింది,
గురి కుదరడమే ఇంకా
ఆ జంతువుకి నా మీద" అన్నాడు.

చెవి చిరిగిన ముసలి లేడి ఒకటి ఆగింది.
ఊపిరి బిగబట్టి నొక్కాను. మళ్లీ నొక్కాను.
అంతే, వెలుతురు అయిపోయింది,
డబ్బా అడుగున చెంచా గీసిన చప్పుడైనా లేకుండా.

వాళ్ల అక్క మార్సలీ వంటింట్లో
సాక్సులు పొయ్యి మీద ఆవిర్లు కక్కుతుంటే
ఒక్కొక్కటే చూసి చెరిపేస్తున్నాను.
ముప్ఫై ఒకటిలో ముప్ఫై పోయాయి.
మిగిలినదాంట్లో ఒక ఎండు ఫెర్న్ ఈనె,
దాని కొసన చుక్క, కత్తిలా స్పష్టంగా.
వెనకాల గోధుమరంగు మరక.
మరకకు నాలుగు చెవులు.
వేలు చెరిపే బటను మీదికి వెళ్లింది.

"ఇటివ్వు" అన్నాడు.
తెరను ముక్కుకు ఆనించుకున్నాడు.
రెండు కళ్లలోనూ శుక్లాలు.
ఆపరేషన్ మళ్లీ వాయిదా అన్న ఆసుపత్రి ఉత్తరం
పోయిన మంగళవారం నేనే తెచ్చిచ్చాను,
లోపల ఏముందో తెలియక నవ్వుతూ.

"ఇది బాగా వచ్చింది."

వేళాకోళం అనుకున్నాను.

"రెండేళ్లుగా నాకిలాగే కనబడుతున్నాయి.
ఎవరికి చెప్పినా అర్థం కాలేదు."
గోరుతో మరక అంచును తాకాడు.
"ముందుకాలు కాస్త బయటికి వేస్తుంది. అదే.
దీని తల్లిని నేనే పడగొట్టాను, పన్నెండేళ్లయింది.
వెనక పిల్ల ఉన్న సంగతి
పడ్డాక తెలిసింది."

మార్సలీ చేతిలో కెటిల్ అలాగే ఆగింది.
ఒకే కప్పు కింద బతికిన ఆవిడకీ
ఇది కొత్త వార్తే.

కొండ మీంచి మళ్లీ ఆ రంపం చప్పుడు.
కెటిల్ దించి ఆవిడ స్విచ్చు వైపు చెయ్యి చాచింది.
"ఉండనీ" అన్నాడు,
కెమెరా ఇంకా మొహం దగ్గరే పెట్టుకుని.