ఊపిరాడే పాళ్లు

ఫిబ్రవరి. డాన్ నది మీంచి వీచే గాలికి
షెడ్డు రేకు దడదడలాడుతోంది.
బల్ల మీద మూడు సంచులు, వెనిగర్ సీసా,
రాత్రి నానబెట్టిన గాజు గ్లాసు.

గ్లాసుతోనే మొదలెడతాను.
అడుగున పిల్లి మట్టి. పిల్లుల తొట్టిలో పోసే గుళికలు,
అబర్డీన్ మొత్తం మీద ఇంతకన్నా చవక లేదు.
తెల్లారేసరికి గుళిక గుళికలాగే ఉంటే కుండీకి,
బురదైతే పిల్లికి.
బురదైంది.
పోయినేడు ఇదే సంచి, ఇదే నవ్వే పిల్లి బొమ్మ,
రాయిలా నిలబడింది.
లోపల సరుకు మార్చారు, నవ్వు మార్చలేదు.

పక్క మడి బోగూష్ తలుపు తోసుకొచ్చాడు.
"ఇసుక తెచ్చాను ఎల్స్‌పెత్, పనిలో మిగిలింది, ఊరికే."
గుప్పెడు తీసి నలిపాను. మెత్తన. పిండిలా అంటుకుంటోంది.
ఇటుకా ఇటుకా కలవడానికి మంచిదే,
వేరుకి మాత్రం సందు కావాలి నాయనా.
అతని మొహం చూసి
దారి మీద పోద్దాంలే, జారకుండా ఉంటుంది, అన్నాను.

మొదటి సంచి వెర్మిక్యులైట్.
కాల్చిన అభ్రకం. తడిసిన పుస్తకంలా
పొర మీద పొర ఉబ్బి, ప్రతి పొరలో ఓ గుక్క నీళ్లు దాచుకుంటుంది.
వారంలో మొలిచే టమాటాకి అమ్మలాంటిది.
నా జెన్షియన్ మంచు కింద నెలల తరబడి ఆలోచించుకునే రకం,
అంత తడిలో ఆలోచన కుళ్లిపోతుంది.
పక్కన పెట్టాను.

రెండోది పెర్లైట్. అగ్నిపర్వతం గాజు,
కొలిమి సెగకి పేలాల్లా పేలింది.
నా నడుమంత ఎత్తు సంచి, చిటికెన వేలికి తగిలించుకోవచ్చు.
బోగూష్ మూతి విప్పబోయాడు.
చేతి మీద ఒక్కటిచ్చాను.
"ముందు నీళ్లు! తడపకుండా ముట్టుకోకు!"
నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మా నాన్న ఆర్చీ గ్రానైట్ చెక్కేవాడు.
పొడిగా చెక్కేవాడు. అప్పుడు అందరూ పొడిగానే చెక్కేవాళ్లు.
ఇంటికొస్తే కనుబొమలు తెల్లగా, మేం నవ్వేవాళ్లం.
యాభై మూడో ఏట, తను చెక్కిన గుమ్మం ముందు
మూడంటే మూడు మెట్లెక్కడానికి
రెండుసార్లు ఆగాడు.
తరవాత పడక మానేసి కుర్చీలోనే నిద్ర.
రాత్రిళ్లు గోడ ఇవతలికి అతని ఛాతీలోంచి
సన్నటి ఈల.

బోగూష్‌కి ఇదంతా చెప్పలేదు.
తడిపిన పెర్లైట్ అతని చేతే కొలిపించాను.

మూడోది కోళ్ల గ్రిట్.
సాసరులో చెంచాడు పోసి వెనిగర్ చుక్కలు.
నురగొస్తే ఆల్చిప్ప కలిసినట్టు. శరత్తులో పూసే నా నీలిపువ్వుకి
సున్నం పొడ గిట్టదు.
చెవి ఆనించి విన్నాను. చప్పుడు లేదు.
ఒట్టి గ్రానైట్. బూడిద రంగులో అక్కడక్కడా మెరుపు,
నాన్న చొక్కా మడతల్లో ఉండే మెరుపే.
కడిగాను. ఇంకోసారి కడిగాను.

రెండు పాళ్లు ఆకు ఎరువు, ఒకటి పెర్లైట్, ఒకటి గ్రిట్.
పుస్తకాల్లో వేరే లెక్కలున్నాయి, ఉండనీ.
పిడికిట బిగించి వదిలితే ముద్ద
ఒక్క క్షణం నిలబడి, విడిపోవాలి.
విడిపోయింది.

గసగసాలకన్నా సన్నటి గింజలు. పైన మట్టి కప్పను,
వేలి గోరంత మందాన గ్రిట్, అంతే.
పేరు పెన్సిల్‌తో రాస్తాను, సిరా ఒక్క ఎండాకాలం కూడా ఆగదు.
కిందటేటి కుండీ ఒకటి ఇంకా మొలవలేదు.
పారబొయ్యమంటాడు బోగూష్.
పారబొయ్యను.

చివరగా కుండీని నీళ్ల పళ్లెంలో దించాను.
తడి కిందనుంచి పాకుతుంటే
లోపలి గాలి గ్రిట్ సందుల్లోంచి బయటికొస్తోంది.
సన్నటి ఈల.
వంగి, ఆగేదాకా విన్నాను.

బయట బోగూష్
దారి మీద ఇసుక ఒంపుతున్నాడు.