మూడో వారం

పచ్చ లైటు వెలిగింది.
వెర్డెల్ గెయిన్స్ మైకుని తన ఎత్తుకి వంచుకుంది.
మిల్వాకీ, ఫిబ్రవరి, సాయంత్రం ఐదున్నర.
ఉపాధి నిధుల మీద విచారణ.
మనిషికి మూడు నిమిషాలు.

అయ్యలారా, అమ్మలారా,
మీ నివేదిక నలభై ఒకటో పేజీలో ఓ ప్రశ్న వేశారు:
ఉత్తరపు పేటల వాళ్ళు
మూడో వారంలో శిక్షణ ఎందుకు మానేస్తున్నారు?
కింద మీరే జవాబూ రాసుకున్నారు:
ఆసక్తి లోపం.

పదకొండేళ్ళుగా వెల్డింగ్ నేర్పుతున్నదాన్ని.
మూడో వారం సంగతి నన్నడగాల్సింది.
మొదటి రెండు వారాలూ క్లాసు మా పేటలోనే,
మూతబడ్డ గొలుసుల ఫ్యాక్టరీ పక్క షెడ్డులో.
ఆ తర్వాత ప్లాంటులో.
ప్లాంటు కౌంటీ పొలిమేర అవతల.
బస్సు పొలిమేర దాకానే.
అక్కణ్ణించి గేటుకి రెండు మైళ్ళ పైచిలుకు,
కాలిబాట లేదు.

నడిచి చూశాను.
తెల్లవారుజామున నాలుగూ నలభైకి
సరస్సు మీది గాలి
చెవి కోసి చేతిలో పెడుతుంది.
ట్రక్కు వెళ్ళిన ప్రతిసారీ
మోకాళ్ళ దాకా మంచు బురద.
పోలీసు కారొకటి పక్కనే ఆగింది.
ఇటెక్కడికి?
పనికి, అన్నాను.
ఆ ఒక్క మాట నమ్మడానికి
అతనికి పద్దెనిమిది నిమిషాలు పట్టింది.
నేను చేరేసరికి హాజరు పట్టీ మూసేశారు.
రాసుకోండి, ఆసక్తి లోపం.

వెనక మూడో వరసలో ఉన్నాడే, ఒడెల్ పెటిగ్రూ,
ఇరవై రెండేళ్ళు పోతపనిలో చేశాడు.
పని పోయాక మీరు పంపిన ఒకే కోర్సు
నాలుగుసార్లు చదివాడు:
ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలి,
చెయ్యి ఎలా కలపాలి.
కరిగిన ఇనుము మోసిన చెయ్యది!
నాలుగు సర్టిఫికెట్లూ
వంటింటి గోడకి పెచ్చులూడిన చోట అంటించాడు.
వాటికి దొరికిన కొలువు అదొక్కటే.

తమేకా బ్రాడ్‌నాక్స్
దరఖాస్తు మీద టి. బ్రాడ్‌నాక్స్ అయింది.
అప్పుడు ఫోనొచ్చింది.
మనిషి వెళ్ళి కోటు విప్పేలోగా
ఖాళీ నిండిపోయింది.

పసుపు లైటు.

నా తప్పూ ఉంది, అదీ చెప్తాను.
వేళకి రండి, చొక్కా ఇస్త్రీ చేసుకోండి,
తలుపు మెల్లగా తట్టండి అని
పదకొండేళ్ళు పాఠం చెప్పాను.
గడియ అవతలి వైపు ఉందని
ఒక్కరికీ చెప్పలేదు.
పిల్లలు తెలివైనవాళ్ళు,
వాళ్ళకి ముందే తెలుసు.
నా మొహం చూసి ఊరుకునేవారు.

మాకింక శిక్షణ చాలు.
ఉద్యోగం ఇచ్చేవాళ్ళని కూర్చోబెట్టండి మూడు వారాలు.
మీ పన్ను రాయితీ తిన్న ప్రతి కంపెనీ
ఎవరిని పిలిచింది, ఎవరిని తీసుకుంది,
పక్కపక్క మెషీన్ల మీద ఎవరికెంత ఇచ్చింది,
పేట పేరుతో, ఒంటి రంగుతో సహా
కాగితం మీద పెట్టాలి.
పెట్టకపోతే రాయితీ వెనక్కి కక్కాలి.
వడ్డించేవాళ్ళు మనవాళ్ళు కాని బంతిలో
ముందు కూర్చున్నా ఆకు ఖాళీయే.
మా వాళ్ళ చేతికీ గరిటె రావాలి.
ఇక ఆ బస్సు,
రెండే మైళ్ళు, దాన్ని

ఎర్ర లైటు.
మైకు గొంతు పోయింది.
ఆమె పెదవులు ఇంకా కదులుతున్నాయి.
ధన్యవాదాలు, తర్వాతివారు, అన్నాడు అధ్యక్షుడు
కాగితం తిప్పుతూ.

ఒడెల్ లేచాడు.
టోపీ తీసి కుర్చీలో పెట్టి
మోకాలి నొప్పితో మెల్లగా నడిచొచ్చాడు.
పచ్చ లైటు.
మైకు దగ్గర ఆగలేదు.
కటకటా దాటి, బల్ల ముందు నిలబడి,
కోర్సులో నేర్పినట్టే,
వెన్ను నిటారుగా, చూపు కళ్ళలోకి,
బొటనవేలు పైకి,
కుడిచెయ్యి చాచాడు.

గది మొత్తం ఆ చేతినే చూస్తోంది.
మణికట్టు మీద పాత కాలిన మచ్చ.

పసుపు లైటు పడింది.
చెయ్యి అలాగే ఉంది.