ఆలస్య రుసుము: ఒక కట్టె

లెక్కలు చూసి రమ్మని రాజధాని నన్ను పంపింది.
బస్సు దిగేసరికి టోపీ ఎగిరిపోయింది.
ఊరి పేరు సెర్రో మూదో, అంటే మూగకొండ.
కొండ సంగతి తెలీదు గానీ
పటగోనియా గాలికి మాత్రం
నోరు మూసుకోవడం రాదు.

రైలు చివరిసారి ఆగి నలభై ఆరేళ్ళు.
పట్టాల పక్కన దీపాల గది అలాగే ఉంది,
తలుపు మీద పెచ్చులూడిన నీలి అక్షరాల్లో
ప్రజా గ్రంథాలయం.
తలుపు తోస్తే రాదు.
కింద ఒక తన్ను తన్నాలి, ఊళ్ళో అందరికీ తెలుసు.

ఓతీలియా కయుపాన్ ముందు నాకు వేడి మాతే ఇచ్చింది,
తర్వాత రిజిస్టర్లు,
ఆ తర్వాత, అడక్కుండానే, కథ.

నూరేళ్ళ కిందట ఉన్ని వ్యాపారి ఒకడు దివాలా తీసి
అప్పు కింద వదిలేసిన పెట్టెలో నలభై మూడు పుస్తకాలు.
రైల్వే కూలీలు తలా పది సెంతావోలు వేసుకుని
విడిపించి తెచ్చుకున్నారు.
కాపలాకి ఎలెవుతేరియాని పెట్టారు,
బ్రేకులు వేసే మనిషి భార్య, అప్పటికే అతను లేడు.
ఆమెకి అక్షరం ముక్క రాదు.
రాదు కనకే ఒక షరతు పెట్టింది:
పుస్తకం తిరిగిచ్చేవాడు పొయ్యి పక్కన కూచుని
అందులో ఏముందో చెప్పి మరీ వెళ్ళాలి.
మూడేళ్ళలో, ఒక్క పేజీ తిప్పకుండా,
నలభై మూడూ ఆమెకి నోటికొచ్చాయి.
యాభై రెండో ఏట
స్టేషను గుమాస్తా కూతురి దగ్గర అక్షరాలు దిద్దుకుని
మొదటి పుస్తకం తనే చదివి
పెదవి విరిచిందట:
"మన బెలిసారియో చెప్పిందే బాగుంది.
ఇందులో ఆ గుర్రం చచ్చిపోతుంది."

నేను నవ్వలేదు. లెక్కలకొచ్చినవాణ్ణి.
కళ్ళద్దాల డబ్బా చూశాను: అరువుకి ఆరు జతలు,
ఒకదానికి ఒక పక్క కాడ బదులు దారం.
రెండు నెలలకోసారి గ్యాసు బండల లారీలో
కొత్త పుస్తకాలు వస్తాయి, కాస్త గ్యాసు వాసనతో.
పింఛను కాగితాలు నింపడం సోమవారం.
రక్తపోటు చూసే నర్సు గురువారం.
ఆమె రాని గురువారం
ఓతీలియానే మణికట్టు పట్టుకుని
"బతికే ఉన్నావు, పో" అంటుంది.

ఇక రుసుముల పద్దు.
మొదట్నుంచీ ఒకటే రేటు:
గడువు దాటితే వారానికి ఒక కట్టె.
డబ్బు కాదు, కట్టె.
చెట్టన్నది కంటికానని నేల అది,
ముళ్ళపొదల వేళ్ళు తవ్వుకుని
పొయ్యి వెలిగించే ఊరు.
ఎర్రసిరా కలం మూత తీశాను.

జనవరిలో అందరూ బుద్ధిమంతులు.
మే దాకా ఒకరో ఇద్దరో.
జూన్, జులై వచ్చేసరికి
ఊరు ఊరంతా బాకీదార్లు!
రొట్టెల సాబినో, మూడు వారాలు.
బడి పంతులమ్మ, నాలుగు.
పోలీసాయన, ఏడు,
అదీ పిల్లల బొమ్మల పుస్తకానికి.
ఏమిటమ్మా ఇది, అన్నాను,
చలి పడగానే ఇక్కడెవరికీ తారీఖులు గుర్తుండవా?

ఆమె జవాబివ్వలేదు.
లేచి, పొయ్యి మూత తీసి
ఒక వేరుమొద్దు లోపలికి తోసింది.
పొయ్యికి అటు ఒక ముసలాయన
పత్రిక మొహమ్మీద కప్పుకుని నిద్రలో ఉన్నాడు.
ఇటు ఇద్దరు పిల్లలు
ఉన్ని తొడుగులు విప్పిన వేళ్ళతో
భాగహారాలు చేస్తున్నారు.

ఆ పద్దు మళ్ళీ చదివాను,
ఈసారి వరస కింద వేలు పెట్టుకుని,
కొత్తగా చదువొచ్చినవాళ్ళు చదివినట్టు.

నివేదికలో రాశాను: బకాయిలు లేవు.
రుసుము నగదుగా మార్చాలన్న ఉత్తర్వు గురించి
ఏమీ రాయలేదు.
పేజీలో చోటు చాల్లేదని చెప్పాను.

వస్తూ వస్తూ ఒక పుస్తకం తెచ్చుకున్నాను,
ఆ గుర్రం ఉన్నదే.
గడువు దాటి ఇవాల్టికి ఐదు వారాలు.
మా వీధంతా సిమెంటు.
ఆఫీసులో నా బల్లకి
వెనక కాలొకటి కాస్త వదులైంది.
చూస్తున్నాను.