గలభా దొర

ఆయన అసలు పేరు గాల్‌బ్రెయిత్‌ట.
మా నోళ్ళకి తిరగలేదు.
దండు ఆసుపత్రిలో అడుగుపెట్టిన వారానికే
కోట వీధి మొత్తం గలభా దొర అంది.
తప్పు పలికామని ఎవరూ అనుకోలేదు.

వచ్చిన ఏడే కలెక్టరుతో తగువు, కిటికీల ఖర్చు గురించి.
పాదిరీతో తగువు, పక్కటెముకల లెక్క గురించి:
ఆడదానికీ మగాడికీ సమానమేనని
చర్చి మెట్ల మీద చొక్కా విప్పి మరీ లెక్కపెట్టాడు.
కెప్టెనుతో అయితే ఇసకలో పిస్తోళ్ళ దాకా పోయింది.
గుండు ఎవరికీ తగల్లేదు,
ఎండేసిన కవ్వళ్ళ మీదుగా పోయి పోలమ్మ కుండ పగిలింది.
కుండకి డబ్బులిచ్చాడు. అందులోనూ బేరమాడాడు.

నాది దంతప్పని. పెట్టెలు, దువ్వెనలు,
దొరసానుల చదరంగం బలగాలు.
ఓ రాత్రి లాంతరుతో నా గుమ్మంలో నిలబడ్డాడు.
"ఎముకొకటి ఎలక ఎత్తుకుపోయింది. చెయ్యగలవా?"

ఆసుపత్రి వెనక పాకలో
తీగెలతో కుట్టిన మనిషి వేలాడుతున్నాడు.
తుపానులో మసూలా పడవ తిరగబడి ఒడ్డుకొట్టుకొచ్చి,
మావాడని ఎవరూ రాని ఖలాసి.
ఆ పాక మీద రాత్రుళ్ళు రాళ్ళు పడేవి.
వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ సంగతి చెప్పలేదు.
కుడి మణికట్టులో, చిటికెనవేలి వైపు,
శనగగింజంత ఖాళీ.

ఎడమ చేతిదాన్ని చూస్తూ మూడ్రోజులు చెక్కాను.
దొర పుస్తకం తెరిచాడు. బొమ్మలో ఎముక నున్నగా ఉంది.
నాది గరుగ్గా, ఓ పక్క బొడిపె తేలి.
"తప్పు" అన్నాడు.
"తెడ్డేసిన చెయ్యి బాబూ.
పుస్తకంలోవాడు తెడ్డు పట్టి ఉండడు" అన్నాను.

అరుస్తాడనుకున్నాను.
తన మణికట్టు తడుముకున్నాడు. నాది లాక్కుని నొక్కాడు,
ఉలి పట్టే చెయ్యి, నొప్పి పుట్టేదాకా.
ఆ రాత్రే మద్రాసుకి ఉత్తరం:
పుస్తకం తప్పు, ఖలాసి ఒప్పు.
మద్రాసు నవ్వింది.
ఇంకోటి రాశాడు, జీతం కోశారు.
ఇంకోటి. ఉద్యోగం పోయింది.
సింగోజు అన్న నా పేరు అందులో
సింకో జీ అని రాశాడట. సరే, చెల్లుకి చెల్లు.
నా అర వరహా మాత్రం ఎగ్గొట్టాడు,
ఎడమదాని కన్నా వెంట్రుకవాసి పెద్దదని.

మరుసటి వానల్లో వాంతుల జబ్బు.
పోయేముందు కాయితం రాశాడు: నన్ను కోసి చూడండి.
కోసేందుకు తన పగవాడు చిన్న డాక్టరు పేరే పెట్టాడు.
వాడైతే జాలిపడడు, తప్పులు వెతుకుతాడు.
చిన్న డాక్టరు కాయితం చదివి, మడిచి జేబులో పెట్టుకుని,
టోపీ తీసి, చాలా మర్యాదగా
దొరని చెక్కుచెదరకుండా పాతిపెట్టించాడు.

ఈమధ్య నా కుడి మణికట్టులో
చిటికెనవేలి వైపు ఏదో గట్టిగా తగుల్తోంది.
ఉలిదో, వయసుదో.
పట్టుకు చూసేవాడు లేడు.
తప్పు అన్నా బాగుండును.