కూత దాకా కథ

విజయనగరం నుంచి నెల్లిమర్ల పోయే రోడ్డు పక్క
రేకుల ఇల్లు మాది.
రూపాయిన్నర ఎక్కువొస్తుందని
రాత్రి షిఫ్టు అడిగి మరీ వేయించుకున్నాను.
పావుతక్కువ పదికి మిల్లు మొదటి కూత.
ఈలోపు ఖాకీ చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ
నూకరత్నానికి కథ చెప్పాలి.

కథంటే ఏటంత కథ కాదు.
గోగునార తోకున్న ఒక నక్క.
అసలు తోక ఎలా పోయిందో
మొదట్లో ఏదో చెప్పాను, మర్చిపోయాను.
నూకికి గుర్తుంది, నాకు చెప్పదు.
ఆ నక్క చంపావతి దాటాలి.
అవతలి ఒడ్డున చుట్టపుటిల్లు,
పొయ్యి మీద చోడంబలి.
రోజూ బయల్దేరేది.
రోజూ నడి ఏట్లో ఉండగా కూత.

"అప్పుడేటైనాది అయ్యా?"
"రేపు సెప్తాను. తొంగో."
తొంగుండిపోయేది.
నేను సైకిలు స్టాండు తన్నే చప్పుడుకి కూడా
కదిలేది కాదంది మా ఆవిడ.
పీకల్లోతు నీళ్ళలో నక్కనొదిలేసి
ఏడేళ్ళ పిల్ల అంత ధీమాగా ఎలా నిద్రపోయేదో!
రేపు సెప్తానన్నాను కదా,
అది చాలు కాబోలు.

లాకౌట్ నోటీసు గేటుకి అంటించిన పొద్దున
మైదా జిగురు ఇంకా తడిగానే ఉంది.
చదువొచ్చినవాళ్ళు నోటీసు చదివారు.
రానివాళ్ళు వాళ్ళ మొహాలు చదివారు.

ఆ రాత్రి పావుతక్కువ పది అయింది.
కూత లేదు.
పిల్ల కళ్ళు తెరిచే ఉంది.
నక్క ఏట్లోనే ఉంది.
పదిన్నర. పదకొండు.
అంత పొడుగు కథ నాకెప్పుడూ అవసరపడలేదు.
ఎక్కడ ఆపాలో తెలీక
ఏటిని వెడల్పు చేసుకుంటూ పోయాను.

పదిరోజులకి
నిద్రలో పళ్ళు కొరకడం మొదలెట్టింది.
ఒకనాడు పక్క తడిపి,
ఎవరూ లేవకముందే ఆ బొంతని
అందని దండెం మీదకి తనే ఎగరేసింది.
కాంపౌండరు నులిపురుగుల మాత్రలిచ్చాడు.
మా అత్త తాయెత్తు కట్టింది.
నేను తర్వాత చూసుకున్నాను,
నా కథలో నక్క నాలుగు రోజులుగా ఏమీ తినలేదు.
అవతలి ఒడ్డున పొయ్యి చల్లారింది.
చుట్టం తలుపు తీయడం లేదు.
షావుకారు కాతా మూసేశాడన్న మాట
ఇంట్లో నేను అననేలేదు.
నక్క చేత అనిపించాను.

ఆ రాత్రే నూకి లేచి కూకుంది.
"నువ్వు తప్పు సెప్తన్నావు అయ్యా.
దాని తోక నార కదా?"
"అవును."
"తడిసిన నార బరువని నువ్వే కదా అన్నావు.
ఎనక్కొచ్చి పిండుకోవాల.
ఎండలో కూకోవాల.
ఎండినాక మళ్ళా ఎల్తాది."
"మరి అంబలి?"
కాసేపు ఆలోచించింది.
"అంబలి నేదు. ఒక తేగ ఉంది.
సగం తినీసి సగం దాస్తాది."

నక్కని వెనక్కి తెచ్చాం.
ఇన్నాళ్ళకి
దాని కాళ్ళకి నేల తగిలింది.
తోకని ఇద్దరం పిండాం,
నా తువ్వాలే తోక,
ఒక కొస తను, ఒక కొస నేను.
మూడో మెలిక దగ్గర
తన వైపు పట్టు సడలింది.

కొస మాత్రం గుప్పిట్లోనే ఉంది.
లాగితే లేస్తుందని
నా కొస పట్టుకొని అలాగే కూర్చున్నాను.
చీపురుపల్లి వైపు గూడ్సు పోయింది,
రేకులదిరాయి.
తను కదల్లేదు.
రేపు శెట్టికి ఏం చెప్పాలన్నది
ఆ కాసేపు నాకూ గుర్తు రాలేదు.

నూట పదకొండు రోజులకి గేటు తీశారు.
కూత వినగానే వీధిలో ఎవరో ఈలేశారు.
బొత్తాలు పెట్టుకుంటున్నాను.
"నక్కెక్కడుంది?" అంది.
"ఒడ్డునే."
"తోక ఎండినాదా?"
"ఇంకా కొంచెం పచ్చిగుంది."
"సరే, నువ్వెల్లు.
నాను సూస్తుంటాను"
అని కళ్ళు మూసుకుంది.