గాలి పద్దు

సోమవారం పొద్దున్నే ఎడెల్మీరాని మేనేజరు చేశాను.
నేను చేయలేదులెండి, పైవాళ్ళు చేశారు.
ఆమె పేరు పక్కన టిక్కులు పెట్టడం వరకే నా పని.
తన తొమ్మిదిమంది బిల్లులు చూడొచ్చు,
లక్షన్నర పెసోల దాకా ఒప్పుకోవచ్చు,
తిప్పి కొట్టొచ్చు, ప్రశ్న వేయొచ్చు.
తన బిల్లు మాత్రం తనకే రాదు.
నియమం తప్పిన బిల్లుని గట్టెక్కించే గడి
ఆమెకివ్వలేదు. అది శాంటియాగోలో ఉంది,
రెండువేల కిలోమీటర్ల ఉత్తరాన,
టోపీ ఎగిరిపోని ఊళ్ళో.

దీన్ని పాత్ర అంటారు.
ఎంత పడుతుందో కొలిచి ఇస్తారు,
అందులో ఏం కాగుతోందో ఎవరూ మూత తీసి చూడరు.

అదే పొద్దున నికనోర్ పేరు పక్కన
మూడు టిక్కులు తీసేశాను.
ఇరవై ఆరేళ్ళు నీలం సిరాతో సంతకాలు చేసిన మనిషి.
మోకాళ్ళు అరిగాయని కాదు, కంపెనీ చేతులు మారిందని.
తీసేటప్పుడు చప్పుడేం కాలేదు.
"మార్పులు భద్రం" అంది తెర.

బాయిలర్లు బాగుచేస్తాం మేం.
పుంతా అరేనాస్‌లో మంట ఆరిన ఇల్లు
కెటిల్ చల్లారేలోపు చల్లారిపోతుంది.
జలసంధి అవతల దీవిలోనూ ఇళ్ళున్నాయి.
ఫెర్రీ ఉంటే ఇరవై నిమిషాల దూరం,
గాలి లేస్తే దూరం అనే మాటే లేదు.

గురువారం వచ్చింది నికనోర్ బిల్లు.
ఫెర్రీ ఆగిపోయి అవతలి ఒడ్డున రెండు రాత్రులు.
రసీదు: గొర్రెల మందు అట్ట వెనుక పెన్సిలు రాత,
"ఇద్దరు మనుషులు, సూపు, మంచం, నలభైవేలు. లుద్గార్దా."
పన్ను నంబరు లేదు, తేదీ సగం తడిసింది.
ఎర్రగా వెలిగింది హెచ్చరిక.

నాలుగేళ్ళ కిందట ఎడెల్మీరా
కొత్త కుర్రాడికి చేతొడుగులు కొనిచ్చింది, రోడ్డుపక్క ట్రక్కులో.
రసీదు ఎవరిస్తారక్కడ?
"రసీదు లేనిది ఖర్చు కాదు" అని నికనోర్ రాశాడు,
నీలం సిరాతో, కింద గీత కూడా గీసి.
ఆ కాగితం ఆమె సొరుగులో ఇంకా ఉంది. నేను చూశాను.

శుక్రవారం ఆ బిల్లుని పదకొండుసార్లు తెరిచిందామె.
నాకెలా తెలుసంటే, చిట్టా నాకు కనబడుతుంది:
ఎవరు, ఎప్పుడు, ఎన్నిసార్లు.
వ్యాఖ్య పెట్టెలో టైపు చేసి చెరిపేసింది మాత్రం
ఏ చిట్టాకీ ఎక్కదు.
గాజు తలుపులోంచి పెదాలు చూశాను. నాలుగు మాటలు.
మళ్ళీ వెనక్కి నొక్కుతూనే ఉంది, చాలాసేపు.

చివరికి "ప్రశ్న" నొక్కింది.
"గాలి ఎంత ఉందక్కడ?"
పక్క గదిలో ఉన్న మనిషి
రాతలోనే జవాబిచ్చాడు:
"వాన్ తలుపు ఊడి సముద్రంలోకి పోయింది.
దానికి వేరే బిల్లు పెడతాను."

ఆమె నవ్విందో లేదో చెప్పలేను, అప్పటికి వెనుదిరిగింది.
తన చేతిలో లేని దాన్ని పైకి పంపింది,
కారణం అనే చోట ఒకే ముక్క: గాలి.

మంగళవారం శాంటియాగో నుంచి:
"ఈ పేరుతో పద్దు లేదు.
ప్రయాణం, భోజనం, బస, ఇతరములు.
ఒకటి ఎంచుకోండి."

సాయంత్రం నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది,
కోటు వేసుకునే. కూర్చోమన్నా కూర్చోలేదు.
"కొత్త పద్దు పెట్టే హక్కు నీకుంది కదా, యస్నా?"

ఉంది. ఎనిమిదేళ్ళలో ఎవరూ అడగలేదు.
ఒక్క బిల్లునీ ఒప్పుకోలేను, కాదనలేను,
కానీ లోకంలో ఎన్ని రకాల ఖర్చులున్నాయో
తేల్చేది నేనేనట.

పేరు గడిలో "గాలి" అని కొట్టాను.
హద్దు ఎంత, అని అడిగింది.
ఖాళీగా వదిలితే ఒప్పుకోలేదు.
ఇద్దరం కిటికీ వైపు చూశాం. వీధిలో ఒకావిడ
దీపస్తంభాన్ని పట్టుకుని బస్సు కోసం నిలబడింది.

సున్నా పెట్టాను.
ఈ సాఫ్ట్‌వేర్‌లో సున్నా అంటే
హద్దు లేదని.
ఆ సంగతి శాంటియాగోకి తెలిసేదాకా
తెలియనీ.