కింది గీత

పోర్ట్ అగస్టాలో జనవరి. నలభై నాలుగు డిగ్రీలు.
నీటిశాఖ ఆఫీసులో ఏసీ దగ్గుతోంది.
ఎడారి బోర్లు గంటకోసారి పంపే కబుర్లు
నా తెర మీద ఒకే పొడుగాటి తీగలా వచ్చి పడతాయి,
కామాలు, కోలన్లు, మీసాల బ్రాకెట్లు,
ఊపిరి పీల్చుకునే సందు లేకుండా.

ప్రతి పేరు నడుమా ఒక మూపురం.
బోర్‌డెప్త్‌లో 'డి' లేచి నిలబడుతుంది,
వాటర్‌టెంప్‌లో 'టి'.
పైథాన్‌కి మూపురాలు గిట్టవు. పాము కదా,
నేలకంటి పాకే పేర్లు కావాలి దానికి.
పెద్దక్షరం కనబడగానే తల వంచి చిన్నది చేసి
ముందొక కింది గీత పరుస్తాను.
ఆరు వరసల ఫంక్షన్. మధ్యాహ్నానికి
రెండువేల ఒంటెలు పాములయ్యాయి.

ఆ మాట చెబితే నోరా గుల్ నవ్వింది.
"మా ముత్తాత నిజం ఒంటెల్నే తోలాడు,
మారీ నుంచి ఊడ్నడాటా దాకా, పిండి బస్తాలేసుకుని.
పేరు చాలా పొడుగట. రేవులో గుమాస్తా దగ్గర
గడి ఒకటే ఉంది. అందులో గుల్ పట్టింది.
మిగతాది సముద్రంలో పడింది."

నాకూ తెలుసు ఆ గడి సంగతి.
వేమవరపు సువర్చల అని ఇంట్లో రాసే వరసలో రాస్తే
లాస్ట్‌నేమ్ అన్నది మొదట వస్తుంది.
ఆసుపత్రికి నేను మిస్ సువర్చల,
బ్యాంకుకి మిస్ వేమవరపు,
కరెంటు బిల్లుకి ఇద్దరం.

అందుకే కాబోలు, క్లాస్ రాసేటప్పుడు చెయ్యి నిదానిస్తుంది.
అంకె తప్పితే గంటాగితే మళ్ళీ వస్తుంది,
పేరు తప్పితే
తర్వాత వచ్చేవాళ్ళంతా అలాగే పిలుస్తారు.
డీటీ2 ముడి విప్పితే 'చివరిసారి లోతు కొలిచిన రోజు' అని తేలింది.
ఎక్స్‌ఫ్లాగ్ ఏమిటో ఎవరికీ తెలియదు.
పెట్టినాయన రిటైరై ఎక్కడో చేపలు పడుతున్నాడట.
దాన్నలాగే ఉంచి పక్కన ప్రశ్నార్థకం రాశాను.

సాయంత్రం ఒక్క మాట దగ్గర పని ఆగింది.
ఫ్రమ్. నీళ్ళు ఎక్కడి నుంచి అని.
ఆ మాట పైథాన్ తనకోసం అట్టేపెట్టుకుంది.
మనం వాడాలంటే చివర్న ఒక కింది గీత తగిలించాలి:
ఫ్రమ్, ఆ తర్వాత ఖాళీ గీత,
దరఖాస్తులో నింపమని వదిలినట్టు.

నోరా కుర్చీ లాక్కుని చూసింది.
"నన్నింకా అడుగుతారు ఇదే,
నాలుగు తరాలయ్యాక" అంది.
గీత పక్కన కర్సర్ కొట్టుకుంటోంది.

బోరు పదిహేడు పలికింది.
నీటి వేడి అరవై ఒకటి.
ఎక్కడి నుంచి అన్నచోట, నన్.
ఏమీ లేకపోవడమూ పైథాన్‌లో ఒక వస్తువే.
దానికీ చోటుంచాను.